మిర్చి యార్డులో ఊపిరాడని సర్వర్

2014 ఎండాకాలంలో కొండవేలూరు మిర్చి యార్డులో మస్తాన్‌వలి అనే కంప్యూటర్ ఇంజనీరు ఉండేవాడు. పనిలో దిట్టే కానీ, ఏది పెట్టినా అడుగంటా ఊడ్చి పెట్టేస్తే తప్ప అతనికి తృప్తి ఉండేది కాదు.

ఆ ఏడే యార్డులో వేలం కంప్యూటర్ మీదికి మారింది. కొత్త సర్వర్ వచ్చింది. ధరలన్నీ దాచి ఉంచే డేటాబేస్‌ను అందులో ఎక్కించే పని మస్తాన్‌వలిది. మెమరీ ఎంత ఇవ్వాలని అడిగే చోటికి రాగానే అతని కళ్లు మెరిశాయి. దాదాపు ఉన్నదంతా డేటాబేస్‌కే రాసేశాడు. అది చాలదన్నట్టు, లోపలికి వచ్చే ఒక్కో వ్యాపారికీ విడిగా మరో పెద్ద వాటా రాశాడు.

పక్కనే నిలబడి చూస్తున్న యార్డు సూపర్‌వైజర్ హేమలత ఉండబట్టలేకపోయింది.

"అదేంటయ్యా, సర్వర్‌కి ఏం మిగిల్చావు?"

"డేటాబేస్ కోసమే కదండీ దీన్ని కొన్నది! పెళ్లికొడుక్కి వడ్డించడానికి వెనకాడతామా?"

"ఉన్నదంతా పెళ్లికొడుకే తింటే బంధువులేం కావాలి? రేపు గంట కొట్టగానే వ్యాపారులంతా ఒక్కసారే మీద పడతారు. ఇవాళే వాళ్లందర్నీ కూర్చోబెట్టి చూసుకుందాం."

"ముందు ఇది చూడండి మేడమ్!" అంటూ అతను ఒక మీట నొక్కాడు. రెప్పపాటులో ధర తెరమీదికి వచ్చింది. "గుర్రమండీ, గుర్రం!" అన్నాడు. హేమలత కూడా నవ్వేసింది. పరీక్ష మాట అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు యార్డంతా తిరునాళ్లలా ఉంది. ఆ యార్డులో ఒక కట్టుబాటు ఉండేది. రాశికి నంబరు వేశాక, ధర తేలేదాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కదపకూడదు. కొనేవాళ్లు కాయ చూసేందుకు మూతులు విప్పే ఉంచాలి. ధర తేలితే హమాలీలు వెంటనే గోదాములోకి మోసేవారు. షెడ్డు నిండిపోవడంతో పిచ్చమ్మ అనే ముసలి రైతు తన టిక్కీలను ఆరుబయట దించుకుంది. ఏడాది పంటంతా అదే. కాయ ఎర్రగా నిగనిగలాడుతోంది. పడమట మబ్బు లేచింది.

"బాబూ, నీ మిషను తొందరగా ఆడుద్దా? వానొచ్చేట్టుందయ్యా!" అంది పిచ్చమ్మ.

"నువ్వు తమలపాకు నమిలే లోపల అమ్ముడుపోతాయి మామ్మా, చూడు!" అన్నాడు మస్తాన్‌వలి.

గంట మోగింది. తెరమీద మొదటి ధర ఎగిరింది. జనం ఈలలు వేశారు! రెండో ధర, మూడో ధర! మస్తాన్‌వలి ఛాతీ ఉబ్బింది. ఇంతలో వ్యాపారులంతా తలా ఒక ధర కొట్టారు. వచ్చిన ప్రతివాడూ తన వాటా తీసుకున్నాడు. మెమరీ అయిపోయింది. ఊపిరాడక సర్వర్, తన మీదున్న పెద్ద బరువును కింద పడేసింది. ఆ పెద్ద బరువు డేటాబేసే. తెరలన్నీ నల్లబడ్డాయి.

"ఏం కాలేదు, ఏం కాలేదు!" అంటూ అతను మళ్లీ నడిపించాడు. కాసేపు ఆడింది. మళ్లీ కూలింది.

"తగ్గించవయ్యా ఆ వాటాలు!" అని అరిచింది హేమలత.

"తగ్గిస్తే వేగం పోతుందండీ!"

"ఆగిపోయినదానికి వేగమేమిటి?"

అతను వినలేదు. అలాగే ఇంకోసారి నడిపించాడు. ఇంకోసారి కూలింది. అప్పుడు రేకుల మీద టపటపమని చినుకులు పడ్డాయి. మస్తాన్‌వలి డేటాబేస్ వాటా సగానికి పైగా కోశాడు. ఒక్కో వ్యాపారి వాటా చిటికెడు చేశాడు. మిగిలింది సర్వర్‌కి వదిలేశాడు. ఈసారి వేలం గుర్రంలా పరిగెత్తలేదు. ఎద్దులా నడిచింది. మళ్లీ ఆగలేదు.

అతను వానలోకి ఉరికాడు. పిచ్చమ్మ కొంగుతో ఒక టిక్కీ మూతి కప్పుతోంది. చినుకు పడగానే కప్పిన పట్టా గాలికి ఎప్పుడో లేచిపోయింది. అతను రెండు చేతులా ఇంకో మూతి మూశాడు. మిగతావన్నీ తడుస్తూనే ఉన్నాయి.

పొద్దున కాయ చూసి మెచ్చుకున్న వ్యాపారే, తడిసిందని రంగు పోయిన తాలు కాయ ధర కట్టాడు. పిచ్చమ్మ ఏడాది పంట ఆ ధరకే పోయింది.

ఒక్కడికి వడ్డించి చూసి వంట సరిపోయిందనుకోకూడదు. ఎంత ఉన్నా, అందరూ వచ్చే వేళకి కొంత మిగుల్చుకోవాలి.