పొయ్యి దగ్గర పరీక్ష

ముప్పై ఏళ్లు మనుషుల మనసుల గురించి పాఠాలు చెప్పిన త్రిలోచనశాస్త్రిని రాజుగారు విద్యాపీఠానికి పెద్దను చేశారు. వారం తిరక్కుండానే ఆయన వెండి గ్లాసు కనబడకుండా పోయింది.

తప్పు చేసినవాడికి ప్రశ్న అడగ్గానే చెమట పడుతుందని శాస్త్రి తన గ్రంథంలో ఏకంగా ఒక అధ్యాయమే రాశాడు. శిష్యుల్ని వెంటేసుకుని తోటమాలిని చెట్టునీడన, కావలివాణ్ణి చావిట్లో, వంటమనిషి సూరమ్మను వంటింట్లో ప్రశ్నించాడు. చెమట పట్టింది సూరమ్మకొక్కదానికే.

"దొంగవి నువ్వే! రేపట్నుంచి పనిలోకి రాకు," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

 సూరమ్మ గరిటె వదల్లేదు.

"పాయసం అడుగంటుతుంది అయ్యగారూ, వదిలి రాలేను. తమరే ఇట్లా దగ్గరికొచ్చి ఇంకొక్కసారి అడగండి."

శాస్త్రి పొయ్యి పక్కకు వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోగా ఆవిడే అడిగింది.

"ఆ గ్లాసు ఆఖరున తమరెక్కడ పెట్టారండీ?"

శాస్త్రి ఆలోచనలో పడ్డాడు. సెగకు నుదుటి మీంచి చెమట ధారకట్టింది. శిష్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మరి తమరి గ్రంథం ప్రకారం దొంగ ఎవరండీ?" అంది సూరమ్మ, పాయసం కలుపుతూనే.

ఉత్తరీయంతో మొహం తుడుచుకోబోయిన శాస్త్రి చెయ్యి ఆగిపోయింది.

"ఉండు... మొన్న అలవాటు కొద్దీ గ్లాసు పట్టుకుని నా పాత తరగతి గదికే పోయాను!"

గ్లాసు అక్కడే గూట్లో దొరికింది. సూరమ్మ పని నిలిచింది.

ఆ ఏడు శాస్త్రి గ్రంథంలో ఒక అధ్యాయం తగ్గింది. వంటింటికి ఒక కిటికీ పెరిగింది.