ఆరాధన వంటకు కుదిరిన మనిషి

నేనెప్పుడూ ఏదీ రాసి ఎరగను. అయిదో తరగతితోనే బడి మానేశాను. ఇది మాత్రం నా లోపలే ఉండిపోకూడదని రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాణిక్యాంబ గారు ఎవరేమడిగినా సిద్ధాంతం చెప్పరు, జరిగిందొకటి చెబుతారు. ఆమె ఆశ్రమంలో శుక్రవారం భజన అయ్యాక ఒక నర్సమ్మను కూర్చోబెట్టి, ముట్లుడిగే వయసులో ఒంటికి ఏమవుతుందో ఆడవాళ్ళకు చెప్పించేవారు. ఆ శుక్రవారం నర్సమ్మ ఒంట్లోంచి లేచే ఆవిర్ల గురించీ, పట్టని నిద్ర గురించీ చెబుతుంటే, "నేనింకా మా అత్త తిట్లకి అనుకున్నానే!" అని ఎవరో అన్నారు. అంతా నవ్వారు. నూకరత్నం నవ్వలేదు.

మర్నాడు పెద్ద గురువుగారి ఆరాధన. ఆ వంటకు ముట్లుడిగినవాళ్ళే గరిట పట్టాలన్నది అక్కడి కట్టుబాటు. పదకొండేళ్ళు బయట గిన్నెలు తోమాక నూకరత్నానికి ఈ యేడే ఆ భాగ్యం కలిగింది. తీరా చూస్తే, రెండేళ్ళుగా లేని మరక నాలుగు రోజుల కిందట లంగాకి కనబడింది. ఎవరికీ చెప్పలేదు. నర్సమ్మ ఆ సంగతి దాకా వస్తుందేమోనని మధ్యలో అడ్డుపడింది.

"అమ్మగారూ, నాలుగు మంచి మాటలు వినే చోట ఈ ముట్టు గొడవలెందుకండీ? ఆగేది దానంతటదే ఆగుతుంది కదా!"

మాణిక్యాంబ గారు నర్సమ్మను ఆగమని సైగ చేసి, తనే అందుకున్నారు.

"గవరమ్మని మీలో కొందరెరుగుదురు. పొయ్యి వెలిగించకముందే దానికి చెమటలు కారిపోయేవి. నేనే వేళాకోళం చేసేదాన్ని. రెండు ఆరాధనలు వండింది. మూడో యేడు మళ్ళీ ఎరుపు కనబడితే, గరిట లాగేసుకుంటామని దాచింది. తెల్లారకముందే కాలవకి పోయి గుడ్డలు ఉతుక్కునేది. అలా ఎనిమిది నెలలు. పడిపోయాక ఆస్పత్రికి మోసుకెళ్ళాం. 'ఆగి ఏడాది దాటాక కనబడేది ముట్టు కాదమ్మా. అందరికీ ఇంత ముదరదు గానీ, ఈవిడది గర్భసంచి కేన్సరు. మొదటి మరక నాడే రావలసింది' అన్నారు డాక్టరు గారు. పోయేముందు నన్ను ఒక్కటే అడిగింది, 'అమ్మా, నేను వండిన ప్రసాదం అంటయిపోయిందాండీ?' అని."

"మీరేమన్నారండీ?" అంది నూకరత్నం.

"ఆ కట్టుబాటు పెట్టింది నేనే కదమ్మా. నోరు పెగల్లేదు."

ఆమె లేచి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్న ఎసట్లో బియ్యం పోసే వేళకి నూకరత్నం తలస్నానం చేసి వచ్చింది. వంటింట్లోకి వెళ్ళలేదు. గడప ఇవతలే నిలబడి, తల దించుకుని, అందరూ వినేలా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అయ్యయ్యో, అక్కడే ఉండవే! లోపలికి రాకు!" అని ఎవరో కేకేశారు.

మాణిక్యాంబ గారు బయటికొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ముట్టుకోకండి అమ్మగారూ, ఆరాధన పూట..."

"గురువుగారు ఆగుతారు. ఎవరైనా వెళ్ళి ఆటోని పిలవండి."