కొమ్మరాజుగారు పట్టిన పీత

మా సాగరకోట రాజుగారికి ఓ ఏడాది పులివేటంటే విసుగు పుట్టి, పీతల వేట మీదికి మనసు పోయింది. నవ్వకండి. తాడుకి చేప తలకాయ కట్టి నీళ్ళలో వదిలి, అవతల ఏదో పట్టుకుంటే వేళ్ళకు తెలిసే ఆ చిన్న వణుకు ఒక్కసారి ఎరిగినవాళ్ళకు ఆయన బాధ అర్థమవుతుంది.

కోటకు క్రోసు దూరంలో ఉప్పుకయ్య, సముద్రపు నీరు వచ్చిపోయే పాయ. పాటు వేళకు సముద్రం వెనక్కి తగ్గితే అందులో మోకాలి లోతు నీళ్ళే మిగిలేవి. అప్పుడు ఊరి ఆడవాళ్ళు బుట్టలతో దిగి, పాదాలతో బురద తడుముతూ గుల్లలు ఏరుకునేవారు. గంగమ్మతల్లి తలుపు తీసి ఉంచిన వంటిల్లు అనేవారు దాన్ని.

రాజుగారు ఒడ్డున కూర్చుని మూడు రోజులు తాడు వేశారు. ఒక్క పీతా పడలేదు.

"తప్పు తమది కాదు ప్రభూ," అన్నాడు భోజనాల దగ్గర వేటపెద్ద కొమ్మరాజు.

ఈయన రోజూ మీసానికి నెయ్యి రాసేవాడట. ఓ పులిని చూపుతోనే కూల్చేశానని చెప్పుకునేవాడు. ఆ పులిని చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

"ఆ గుల్లల ఆడవాళ్ళు కాళ్ళతో కెలికి పీతల్ని బెదరగొడుతున్నారు. కయ్యను తమ వినోదానికే ఉంచుకోండి. ఇకమీదట వాళ్ళెవరూ దిగకూడదని చాటింపు వేయిద్దాం."

రాజుగారు చెడ్డవారు కాదు. కాకపోతే, మూడు రోజులుగా పీత పడని మనిషి. "సరే, వేయించు" అనేశారు.

వడ్డిస్తున్న సింగమ్మ చేతిలో గరిట ఆగిపోయింది. కోట వంటశాలలో పని ఆమెది. తల్లి నూకాలు, ఇద్దరు చెల్లెళ్ళు ఆ కయ్య మీదే బతుకుతున్నారు. మా అమ్మమ్మవాళ్ళు ఆమె సంతతేనట. అందుకే ఈ కథ మా ఇంట్లో ఇంత భద్రంగా ఉంది.

"ఒక్క మనవి ప్రభూ," అంది సింగమ్మ నెమ్మదిగా. "రేపు మావాళ్ళెవరూ నీళ్ళలో దిగరు. కొమ్మరాజు దొరవారిని ఒక్కటంటే ఒక్క పీతను పట్టి చూపించమనండి. పడితే మేమే తప్పుకుంటాం. పడకపోతే చాటింపు మానుకోండి."

కొమ్మరాజు పకపకా నవ్వాడు. "ఒక్క పీతా! పులిని కొట్టిన చెయ్యే ఇది!"

"పులికి పట్టకార్లుండవు దొరా," అంది సింగమ్మ, ఆయనకు మరికాస్త పులుసు వడ్డిస్తూ.

రాజుగారికి పందెం నచ్చింది. "పోటు మళ్ళీ ఎక్కేలోపు పట్టాలి," అన్నారు.

మర్నాడు ఊరంతా ఒడ్డునే ఉంది. ఆడవాళ్ళు ఖాళీ బుట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొమ్మరాజు వెండిపిడి వలతో వచ్చి కయ్యలోకి దిగాడు. తాడు వేశాడు. కదిలింది. పులిని లాగినట్టు లాగాడు. చేప తలకాయ ఎగిరొచ్చి ఆయన భుజం మీదే పడింది. పీత మాత్రం రాలేదు.

"మెల్లగా లాగాల బాబూ, మెల్లగా," అంది నూకాలు ఒడ్డు మీంచి.

"నాకు నేర్పేదానివా ముసలీ!"

ఆరుసార్లు వేశాడు. ఆరుసార్లూ అంతే. ఈలోగా నీళ్ళు మోకాలు దాటసాగాయి. అప్పుడు కనిపించింది, అరచేయంత పీత, ఆయన కాలి దగ్గరే. వల అవతల పారేసి, ఎదురుగా చెయ్యి పెట్టి అందుకున్నాడు. మావాళ్ళయితే వెనకనుంచి పట్టేవారు.

ఆయన వేసిన కేకకు కొంగలన్నీ లేచిపోయాయి.

అయినా మనిషి మొండివాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా చెయ్యి పైకెత్తాడు. బొటనవేలికి పీత వేలాడుతోంది.

"పట్టాను ప్రభూ! పట్టాను!"

ఒడ్డున ఆడవాళ్ళ మొహాలు వాడిపోయాయి. ఒకావిడ తన బుట్టను మెల్లగా బోర్లించింది. రాజుగారికీ మనసు చివుక్కుమంది. కానీ మాట మాటే కదా.

"పట్టాడు కదమ్మా సింగమ్మా," అన్నారు. "ఒప్పుకుంటావా?"

సింగమ్మ చీర ఎగదోపుకుని నీళ్ళలోకి నడిచింది. పీతను చూసింది. దొరను చూసింది. చేతులు జోడించింది.

"పట్టినట్టే ఉంది ప్రభూ. ఒక్క అనుమానం తీరిస్తే చాలు. పట్టినవాడు తనకు కావలసినప్పుడు వదలగలడు. పట్టుబడినవాడికి ఆ వీలుండదు కదా.

దొరవారిని ఒక్కసారి వదలమనండి."

రాజుగారి పెదవి అదిరింది. "వదులు కొమ్మరాజూ."

"ఎలా వదలను ప్రభూ! అది కదా వదలాలి!"

అంతే. ఒడ్డు ఒడ్డంతా గొల్లున నవ్వింది. రాజుగారైతే పొట్ట పట్టుకుని ఇసుకలో కూలబడ్డారు.

"అయితే ఎవరు ఎవర్ని పట్టినట్టయ్యా?"

"అదే నన్ను పట్టింది! ఒప్పుకున్నాను! ఎవరైనా తీయండర్రా!"

ఇద్దరు భటులు దిగి లాగారు. పీత ఇంకా బిగించింది.

"లాగకండి నాయనా," అని వారించింది సింగమ్మ. "చెయ్యి నీళ్ళలో పెట్టండి దొరా. కదలకుండా, నోరు మెదపకుండా ఉంటే దానంతట అదే పోతుంది. ఉలిక్కిపడితే మాత్రం మళ్ళీ బిగిస్తుంది."

"నోరు మెదపకుండానా?" అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ. "పాపం, దానికంటే పీత కరవడమే నయం."

కొమ్మరాజు నడుము వంచి, చెయ్యి నీళ్ళలో ముంచి, రాతిబొమ్మలా నిలబడ్డాడు. నెయ్యి రాసిన మీసం అలల మీద తేలుతోంది. రాజుగారు అదే అదనుగా లేచి నిలబడి, అందరికీ వినపడేలా అన్నారు:

"చాటింపు లేదు. ఈ కయ్య ఇక ఎప్పటికీ ఈ అమ్మలది. నేను తాడు వేయాలన్నా నూకాలమ్మను అడిగే వేస్తాను. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పు, కొమ్మరాజూ!"

కొమ్మరాజు నోరు తెరవబోయాడు. నీళ్ళలో పీత కదిలింది. టక్కున మూసేసి, అడ్డంగా కాదు, నిలువుగా తల ఊపాడు.

నవ్వులకు పోటు చప్పుడు కూడా వినపడలేదట. ఆ నవ్వుల్లోనే రాజుగారు తన బంగారు కడియం తీసి సింగమ్మ చేతిలో పెట్టారు.