వాగీశం తోక, గురవి వ్యాకరణం

అనగనగా ఒక అడవిలో వాగీశం అనే చిలుక ఉండేది. చిన్నప్పుడు ఒక పండితుడి ఇంట్లో పంజరంలో పెరిగింది. తలుపు తెరిచి ఉన్న రోజు ఎగిరొచ్చేసి, పండితుడి జ్ఞానమంతా తనతోనే వచ్చేసిందని అనుకుంది. పాపం, ఆ పండితుడు ఆ తర్వాత ఎలా బతికాడో!

ఆ అడవికి తేనె తీసేవాళ్ళు వచ్చేవారు. వాళ్ళలో ఒక జంటకు గురవి అనే చిన్న కూతురు ఉండేది. తేనెలో సగం తనకిచ్చేటట్టయితే పాపను చూసుకుంటానని గుబురమ్మ అనే ఎలుగుబంటి ఒప్పుకుంది. ఇంకేముంది, వాగీశానికి ఒక శిష్యురాలు దొరికింది.

మనిషి పిల్లలు ఖాళీ కుండలనీ, తను పోస్తేనే అందులో మాటలు నిండుతాయనీ వాగీశం అడవంతా చెప్పుకొచ్చింది.

మొదటి రోజు కొమ్మ మీద కూర్చుని, "ఒక కాలు, రెండు కాళ్ళు" అంది.

"రెండు కాలులు" అంది గురవి.

మర్నాడు ఇల్లు, ఇళ్ళు అని చెబితే, పిల్ల హాయిగా "ఇల్లులు" అంది. వాగీశం రెక్కల్లో తల దాచుకుంది.

గుబురమ్మ తేనె నాకుతూ అడిగింది. "పంతులుగారూ, కాలులు అని మీరు అన్నారా?"

"ఛీ, నేనెందుకంటాను?"

"వాళ్ళమ్మా అనలేదు, నేనూ అనలేదు. మరి పిల్ల ఎక్కడ విన్నట్టు? పిల్లి, పిల్లులు అని వింది. దాన్ని పట్టుకుని కాలుకీ తనే 'లు' తగిలించింది. ఆ లెక్క దాని బుర్రలో ముందే ఉన్నట్టుంది."

తేనె తాగేవాళ్ళతో శాస్త్రం మాట్లాడటం తన స్థాయికి తగదని వాగీశం మొహం తిప్పుకుంది. అయినా ఎలుగుబంటి మాట దానికి లోపల గుచ్చుకుంది. పిల్ల బుర్రలోనే అంతా ఉంటే తన పంతులుగిరీ ఏం కావాలి?

మూడో రోజు పాఠం జోరుగా సాగుతోంది. వాగీశం వెనక, అదే కొమ్మ మీద ఆకులు కదిలాయి. వాటి కింద నుంచి గురవికి పాదాలు మాత్రం కనిపించాయి.

"పంతులూ, నీ వెనక నాలుగు కాలులు నడుస్తున్నాయి" అంది.

వాగీశం కళ్ళు మూసుకుని నిట్టూర్చింది. "కాలులు కాదు. కాళ్ళు."

"నీ తోక దగ్గరికొచ్చాయి."

"ముందు కాళ్ళు అను. తర్వాత మిగతాది చెబుదువుగాని."

మిగతాది అడవిపిల్లి చెప్పింది. ఒక్క దూకు దూకి తోక పట్టుకుంది. వాగీశం కాపాడమని అరవబోయింది. భయంలో నోటికి సొంత మాట రాలేదు. "దయచేయండి, కూర్చోండి, మజ్జిగ పుచ్చుకుంటారా?" అని పండితుడి ఇంటి మర్యాదలన్నీ వరసగా వచ్చాయి. పిల్లి ఆ మర్యాద కాదనలేదు.

గురవి రాయి విసిరింది. గుబురమ్మ పరుగెత్తుకొచ్చింది. పిల్లి పారిపోయింది, నోట్లో ఆకుపచ్చ ఈకలతో.

తోక లేని వాగీశం కొమ్మ మీద నిలబడలేక గుబురమ్మ భుజం మీద వాలింది. ఎలుగుబంటి మెల్లగా అడిగింది. "పిల్ల మాట మీకు అర్థం కాలేదా?"

వాగీశం తోక ఉండాల్సిన చోటు వైపు తిరిగి చూసుకుంది.

"మొదటిసారే అర్థమైంది" అంది చివరికి. "తప్పుగా ఉందని, దిద్దేదాకా ఆగాను."

నీతి: పిల్లలు మాటలు మన దగ్గర వింటారు, వాటిని అల్లే నేర్పు మాత్రం వెంట తెచ్చుకునే పుడతారు. దిద్దడం తర్వాతైనా కుదురుతుంది, ముందు వాళ్ళు చెప్పేది వినాలి.