బుల్లియ్య ఇంటి బోండం

జోగయ్య గురువుగారికి ఒక అలవాటు. ఆయన ఎప్పుడూ కొబ్బరిపీచుతో తాడు పేనుతూ ఉంటారు. ప్రశ్న అడగడానికి వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, రెండో కొస పట్టుకుని నిలబడాల్సిందే. ఊళ్ళో సగం మంది వేదాంతం మానుకున్నది అందుకే.

ఆ రోజు కొస పట్టుకున్నవాడు శిష్యుడు కామేశం. గోదావరి పాయ పక్కన అతనికి నలభై కొబ్బరిచెట్లున్నాయి. గట్టు అవతల బుల్లియ్యకీ అన్నే ఉండేవి. రెండేళ్ళ కిందట బుల్లియ్య తోటలో గ్యాసు పడింది. చెట్లు పోయి గ్యాసు బావి వచ్చింది. పెంకుటిల్లు పోయి మేడ వచ్చింది. మేడకి లిఫ్టు కూడా పెట్టించాడు, ఎక్కడానికి ఉన్నది ఒక్క అంతస్తే అయినా. ఇప్పుడు ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా మొదటి శుభలేఖ అతనికే వెళుతోంది. అప్పటినుంచి కామేశానికి అన్నం సయించడం లేదు. భార్య కూరకి వంక పెట్టి చూశాడు గాని, కూరలో లోపం లేదని చుట్టుపక్కల అందరికీ తెలుసు.

"గురువుగారూ, భూమి లోపల గ్యాసుకి గట్టు కనిపిస్తుందా? వాడివైపే ఎందుకు పడాలి?" అన్నాడు కామేశం. "రేపు పొద్దున్నే చెట్లు కొట్టించేస్తున్నాను. నేల ఖాళీగా కనిపిస్తే కంపెనీవాళ్ళు నావైపూ వస్తారు."

గురువుగారు పేనడం ఆపలేదు. "నాలిక పిడచకట్టుకుపోతోందిరా. బుల్లియ్య ఇంటికెళ్ళి ఒక బోండం పట్రా. కొన్నది వద్దు, వాళ్ళ చెట్టుదే కావాలి."

కామేశం వెళ్ళాడు. మేడ ముందు రెండే చెట్లు మిగిలాయి. బావి దగ్గర ఆరకుండా మండే మంట సెగకి ఆకులు మాడి, పిందెలన్నీ రాల్చుకుని నిలబడ్డాయి. బుల్లియ్య డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కుర్చీ బావి వైపు తిరిగి లేదు. కామేశం తోట వైపు తిరిగి ఉంది.

"మా ఇంట బోండమా? ఎకసెక్కాలాడ్డానికొచ్చావా బావా?" అన్నాడు బుల్లియ్య. "ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకులున్నాయి, కావాలంటే పట్టుకెళ్ళు." ఇక ఉండబట్టలేక అన్నాడు. "మొన్న కాయల దింపులో మీ తూర్పు వరసలో మూడో చెట్టు గెల ఒకటి వదిలేశారు. అసలు చూసుకున్నావా? ఆ రోజు నాకు ముద్ద దిగలేదు."

తిరిగొచ్చేటప్పుడు కామేశం నడకలో ఎన్నడూ లేని ఊపు వచ్చింది. చెట్లు కొట్టేవాళ్ళ ఇంటి దగ్గర ఆగి, రేపు రావద్దని చెప్పాడు. తూర్పు వరసలో మూడో చెట్టుకి మనిషిని ఎక్కించి, ఒక బోండం దింపించి, గురువుగారి ముందు పెట్టాడు.

"వాళ్ళ చెట్టుకి బోండాల్లేవండీ. ఇది నాది."

"అయితే చెట్లు కొట్టించవా?"

"ఎందుకు కొట్టిస్తానండీ! ఉంచుతాను. రోజూ చూసి ఏడవాలి వాడు."

గురువుగారు బోండం ఆఖరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకున్నారు.

"పోనీలే, చెట్లు బతికాయి. నువ్వు కొస పట్టుకో."