మూడో చీర రంగు

ఎవరైనా ప్రశ్న అడిగితే పేరిందేవి గారు ముందు చెప్పులు వేసుకుంటారు. ముప్పై ఏళ్ళు కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. జవాబు కాగితం మీద కంటే వీధిలోనే త్వరగా దొరుకుతుందని ఆవిడ నమ్మకం.

మురహరి ఆవిడ దగ్గర చదువుకున్నవాడు. తండ్రి పోయాక తణుకులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. ఆడవాళ్ళు చీర పట్టుకొస్తే దాని రంగుకి సరిపోయే జాకెట్టు గుడ్డ, లైనింగ్ ఇచ్చే కొట్టు అది.

"మేడం, మీరు నేర్పినట్టే చేశాను," అన్నాడు. "మూడేళ్ళ అమ్మకాలు కంప్యూటర్లో పెట్టి చూశాను. నాలుగు వందల రంగుల్లో బాగా పోయేవి నూట ఇరవై. మిగతావి తెప్పించడం మానేశాను. అమ్మకం తగ్గింది. మళ్ళీ చూసి, కదలని రంగులు మళ్ళీ తీసేశాను. ఇంకా తగ్గింది. ఇలాగే ఉంటే ఉగాదికి కొట్టు మూసెయ్యాలి. నా లెక్కలో తప్పెక్కడుంది?"

ఆవిడ లెక్కంతా చూశారు. తప్పు లేదు. చెప్పులు వేసుకున్నారు.

కొట్టు శుభ్రంగా ఉంది. కొత్త అద్దాల బీరువాల్లో సగం అరలు ఖాళీ. ఆవిడ స్టూలు మీద కూర్చున్న గంటకి ఒకావిడ మూడు చీరలతో వచ్చింది. మొదటి రెండిటికీ గుడ్డ కుదిరింది. మూడోది పచ్చా కాదు, పసుపూ కాదు, పండిన తమలపాకు రంగు. మురహరి దానికి దగ్గరగా ఉన్న రంగు గుడ్డ ఒకటి తీశాడు. ఆవిడ దాన్ని చీర మీద వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఎండలో చూసింది.

"ఇది కాదు బాబూ. ఇదివరకు ఇక్కడే దొరికేది. పెద్దాయన లేరా, గుడ్డలు తీసి చూపించే గంగరాజు గారు?"

"మానేశారండీ," అన్నాడు మురహరి. మానిపించింది తనే.

"సర్లే, ఇది తీసెయ్యి."

"ఆ రెండూ కొయ్యమంటారా?"

"వద్దు. మూడూ ఒకచోటే తీసుకుంటాను. ఈ ఎండలో రెండు కొట్లు తిరగడం నా వల్ల కాదు." చీరలు సంచిలో సర్దుకుంటూ చుట్టూ చూసింది. "అద్దాలు మాత్రం బాగా పెట్టించావు."

ఆవిడ మెట్లు దిగాక పేరిందేవి గారు కంప్యూటర్ వైపు చూపించారు. "ఇప్పుడు వెళ్ళినావిడ ఇందులో ఎక్కడుంది?"

మురహరి వెతకలేదు. "లేదు మేడం. ఆ రెండు రంగులకీ ఇవాళ అమ్మకం సున్నా. నెలాఖరుకి అవి కూడా కదలని వాటిలో చేరతాయి." కాసేపటికి గుడ్డలు పంపే హోల్‌సేల్ షాపుకి ఫోన్ చేసి పాత రంగులు కావాలన్నాడు. ఆ రంగులు తీసుకునేది మీ కొట్టొక్కటేనని, మీరు మానేశాక అద్దకం వాళ్ళు కూడా ఆపేశారని అవతల చెప్పారు.

ఫోన్ కింద పెట్టాడు. "ఇలా ఎంతమంది వెళ్ళిపోయి ఉంటారు మేడం?"

"అమ్మినవి లెక్కపెట్టడం నేర్పాను నీకు," అన్నారు పేరిందేవి గారు. "నాకు వచ్చింది అంతే."