విరిగిన ముక్కల గోడ

నవనీత ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఒక సంగతి అర్థం కాలేదు. పోటీ ఇంకా తొమ్మిది రోజులుందనగా, తాను రెండు వారాలు కష్టపడి చేసిన రోబోట్‌ను దస్తగిరి మాస్టారు బల్ల మీంచి ఎందుకు తోసేశారు?

చెయ్యి తగిలి పొరపాటున పడిందా అంటే అదీ కాదు. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "బాగుంది పాపా" అన్నారు. అని, ఒక వేలితో బల్ల అంచు దాకా జరిపి వదిలేశారు. ముందు మూల పుటుక్కున విరిగింది.

నంద్యాల పక్కన, నవనీత చదివే ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో ఆయన వడ్రంగం నేర్పుతారు. నోట్లో ఎప్పుడూ నాలుగు మేకులు పట్టుకుని ఉంటారు. ఆయన మాటలు పొదుపుగా రావడానికి కారణం అదేనని పిల్లలు నవ్వుకుంటారు.

"ఎందుకిరిగింది?" అన్నారు మాస్టారు.

"మీరు పడేసినారు కాబట్టి సార్!"

ఆయన పెన్సిల్ అందించారు. ఆయన వడ్రంగం షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఏది విరిగినా, చేసినవాళ్లు ఆ ముక్క మీద తమ పేరు, తేదీ, విరిగిన కారణం రాసి వెనక గోడకు తగిలించాలి. కుర్చీ కాళ్లు, సొరుగు పలకలు, స్టూలు అడ్డకర్రలు ఆ గోడ నిండా వేలాడుతుంటాయి. నవనీత పళ్లు కొరుకుతూ 'సార్ పడేసినందుకు' అని రాసి తగిలించింది. పక్కనున్న అమ్మాయిలు కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు కంటే భయమే ఆమెను ఎక్కువ పీడిస్తోంది. గుండ్రటి బరిలో రెండు రోబోట్లు ఒకదాన్నొకటి నెట్టుకునే పోటీ అది. పోయినేడు వీళ్ల జట్టు రోబోట్‌ను అల్యూమినియం రేకుతో చేసింది. మొదటి ఆటలోనే వంకర పోయింది, పోటీ జరిగిన ఊళ్లో దాన్ని సరిచేసే షాపు ఒక్కటీ తెరిచి లేదు. పిల్లలంతా బస్సులో ఏడ్చుకుంటూ వచ్చారు. ఈసారీ మొదటి ఆటలో ఓడితే రోబోట్ల గది ఖాళీ చేయించి పరీక్ష కాగితాల కట్టలు పెట్టించేస్తానని ప్రిన్సిపల్ మేడమ్ తేల్చి చెప్పారు. గది పోతే జట్టూ పోయినట్టే. జట్టుకు పెద్ద నవనీతే. అందుకే, చెక్కతో రోబోట్ ఏమిటి అని ఊరంతా నవ్వినా, ఆ నామోషీ దిగమింగుకుని ప్లైవుడ్డు కోసం ఈ షెడ్డుకొచ్చింది. ప్లైవుడ్డయితే చేతి రంపంతో ఎక్కడైనా కోసుకోవచ్చు.

మూడు రోజుల్లో మూలలకు రెండో పొర అతికించి తెచ్చింది. మాస్టారు మళ్లీ తోశారు. మూలలు నిలిచాయి గానీ మోటారు పట్టుకునే పలక రెండైంది.

"ఎందుకిరిగింది?"

"ఏమో సార్." ఈసారి నిజంగానే తెలియదు. గోడకు రెండో ముక్క చేరింది.

షెడ్డు మూలన విరిగిపోయిన పెద్ద ఇనుప చక్రం ఒకటి పడి ఉంది. నవనీత రోజూ దాని మీదే కూర్చుని అలుగుతోంది. ఆరోజూ అక్కడే కూర్చుని, ఈ ముసలాయనకు నా మీద పగేమైనా ఉందా అని ఆలోచించింది. ఏమీ తోచలేదు.

మూడోసారి పంతం పట్టింది. అన్నిటికన్నా మందమైన ప్లైవుడ్డు, మూలమూలకూ ఇనుప బద్దలు, అడుగడుగునా స్క్రూలు. మాస్టారు తోస్తే దబ్బుమని పడింది. నేల సిమెంటే పెచ్చులూడింది. నవనీత ఎగిరి గంతేసింది.

మాస్టారు దాన్ని రెండు చేతులా ఎత్తి కాటా మీద పెట్టారు. ఆరున్నర కిలోలు. పోటీలో ఐదు దాటితే బరిలోకే రానివ్వరు.

నవనీతకు ఏడుపు తన్నుకొచ్చింది. "తేలిగ్గా చేస్తే ఇరుగుతాంది. ఇరగకుండా చేస్తే బరువెక్కుతాంది. ఇంక మూడు రోజులే ఉంది సార్. అసలు నన్నేం చెయ్యమంటారు?"

"గోడ దుమ్ము పట్టింది. తుడువు."

ఇదేం విడ్డూరం? రోబోట్ అడిగితే గోడ తుడవమంటాడేమిటి ఈయన? అయినా పెద్దాయన మాట తీసెయ్యలేక గుడ్డ తీసుకుంది. కోపంగా ఒక్కో ముక్కే తుడుస్తూ పై వరుస దాకా వెళ్లింది. అక్కడ ఒకే తీగకు ఎనిమిది చెక్క చీలలు గుచ్చి ఉన్నాయి. ఒక్కోటి చిటికెన వేలంత. అన్నీ సరిగ్గా ఒకే చోట విరిగాయి. తేదీలు వేరు, ఏళ్లు వేరు. పేరు మాత్రం ఒకటే, దస్తగిరి. కారణమూ ఒకటే, 'మొద్దు ఇరుక్కుంది'.

"ఇవి యాడివి సార్?"

మాస్టారు షెడ్డు నడుమనున్న పాత కోత మిషనులో, చక్రాన్ని ఇరుసుకు బిగించే చోటు వైపు గడ్డం ఎత్తి చూపారు. "మొద్దు ఇరుక్కుంటే ఆ చీల ఇరుగుతాది. ఇంగోటి కొడతా."

"మాటిమాటికీ ఇరిగే చెక్కెందుకు సార్? ఇనుప చీల పెట్టొచ్చు కదా?"

మాస్టారు నోట్లోంచి మేకులు తీశారు. ఆయన మేకులు తీయడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"పెట్టినా. ఒకసారి."

అని వేలితో మూలనున్న, ఆ మిషనుదే అయిన పాత ఇనుప చక్రాన్ని చూపించి, మళ్లీ మేకులు నోట్లో పెట్టుకుని పనిలో పడ్డారు.

నవనీత వెళ్లి చక్రం మీద దుమ్ము తుడిచింది. తాను ఇన్నాళ్లూ కూర్చున్న చోటే, వెలిసిపోయిన తెల్ల రంగులో ఆయన పేరుంది, కింద కారణం, 'చీల ఇరగలేదు'.

వెంటనే రోబోట్ ఇనుప బద్దలన్నీ ఊడదీసి, తుక్కు బుట్టలోంచి అన్నిటికన్నా పలచని ప్లైవుడ్డు ముక్క ఏరుకుంది.

పోటీలో మొదటి ఆట ఒక ఇనుప రోబోట్‌తో పడింది. మూడు పట్లలో రెండు గెలవాలి. మొదటి పట్టులో ఆ ఇనుప రోబోట్ వచ్చి గుద్దిన గుద్దుకు వీళ్ల రోబోట్ ముందు పలక ఊడిపోయి, రోబోట్ బరి అవతల పడింది. జనం అయ్యయ్యో అన్నారు. జట్టు పిల్లలు మొహాలు కప్పుకున్నారు. నవనీత మాత్రం జేబులోంచి, పలకను రోబోట్‌కు పట్టి ఉంచే సన్నటి ప్లైవుడ్డు నాలుకలు రెండు తీసి, విరిగిన వాటి స్థానంలో దూర్చి, పలక తగిలించింది. మోటార్లు, తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండో పట్టు వీళ్లదే. మూడో పట్టులో పలక మళ్లీ ఊడింది గానీ, అదే గుద్దుకు ఇనుప రోబోట్ మోటారు కదిలిపోయి, ఉన్నచోటే గిరగిరా తిరగసాగింది. వీళ్ల రోబోట్ దాన్ని బరి అవతలికి నెట్టేసింది.

ఆ తర్వాతి ఆటలో ఓడిపోయారు. అయినా గది దక్కింది.

సోమవారం పొద్దున నవనీత షెడ్డుకొచ్చి, ఎవరూ అడక్కముందే పెన్సిల్ తీసుకుంది. విరిగిన నాలుగు నాలుకలు బల్ల మీద వరసగా పెట్టి పేరు, తేదీ రాసింది.

"ఎందుకిరిగింది?" అన్నారు మాస్టారు, తలెత్తకుండానే.

"నేనే ఇరగమన్నాను సార్."

మాస్టారు తలెత్తి ఆమెను చూశారు. నోట్లోంచి ఒక మేకు తీసి ఆమె చేతిలో పెట్టారు.